మామకు చూపించకూడని పళ్ళు

మా ఇళ్ళలో బిడ్డకు మొదట కింది పళ్ళు రావాలి. పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండం అంటారు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళకు కోపం వచ్చేది తప్ప జవాబు వచ్చేది కాదు. నాకు పై పళ్ళే ముందు వచ్చాయి. నాకున్నది ఒక్కడే మేనమామ. మా అవ్వకున్నది ఒక్కడే కొడుకు. ఆ ఇంట్లో నా చిన్నతనం ఎలా గడిచిందో చెప్పడానికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదేమో.

మొదటి సంగతి నాకు గుర్తుండేది కాదు, అమ్మ చెప్పగా విన్నదే. చింతామణి దగ్గర కెంచార్లహళ్ళి మా నాయన ఊరు. బాగేపల్లి దగ్గర పరగోడు అమ్మ పుట్టిల్లు. అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటి గడప తొక్కగానే అవ్వ నా చిగుళ్ళు చూసింది. పైన తెల్లగా రెండు మొలకలు, కింద ఏమీ లేవు. వెంటనే నా నోటికి కొంగు అడ్డం పెట్టి, చేలోంచి వస్తున్న కొడుకును వాకిట్లోనే నిలబెట్టింది. కంచు పళ్ళెంలో నువ్వుల నూనె పోయించింది. నా పళ్ళు మామ నేరుగా చూడకుండా ముందు ఆ నూనెలో నీడగా చూడాలి, అప్పుడు దోషం నూనెలో దిగిపోతుంది. మీసం కూడా సరిగ్గా రాని మామ పళ్ళెం మీదికి వంగి చూశాడట. నూనెలో నేను నోరంతా తెరిచి ఏడుస్తూ కనిపించానట. "గండం మాట దేవుడెరుగు, గొంతు మాత్రం బాగుండాది" అన్నాడట.

శాంతి అయిపోయింది కదా అని ఊరుకునే మనిషి కాదు మా అవ్వ. ఊరుకునేదేమో కూడా. కానీ ఆ ఏడాది చలికాలంలోనే మామకు కీళ్ళ జ్వరం వచ్చింది. మోకాళ్ళు, మణికట్లు వాచిపోయి మంచం పట్టాడు. జ్వరం తగ్గింది, వాపులు తీశాయి, గుండె మాత్రం చెడింది. ఆ తర్వాత చేను గట్టు ఎక్కితే ఆయాసం, నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం. పెళ్ళి చేసుకోనన్నాడు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. అవ్వ మనసులో మాత్రం నా చిగుళ్ళకూ మామ గుండెకూ ముడి పడిపోయింది.

పాలపళ్ళు ఊడితే వాటితో పాటే దోషమూ పోతుందని అమ్మ ఆశపడింది. ఆ ఆశా తీరలేదు. కొత్తగా వచ్చిన పై పళ్ళు ఇంకా ముందుకు వచ్చి, పెదవులు కలుసుకోవడమే మానేశాయి. బళ్ళో పిల్లలు నన్ను చూసి ఇంట్లో కొబ్బరి తురుముకునే పని తప్పింది కదా అనేవాళ్ళు. దానికి నేను ఏడ్చేదాన్ని కాదు. పరగోడుకు వెళ్ళినప్పుడు అవ్వ అనే ఒక్క మాటకు ఏడుపొచ్చేది. మామ గడప దాటి లోపలికి వస్తుంటే చాలు, "నోరు ముయ్యి పాపా" అనేది. నా నోరు మూసుకునే నోరు కాదు. అందుకని చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

మా ఊరి బడి నాలుగో తరగతితో సరి. బాగేపల్లి మిడ్ల్ స్కూల్లో చదవాలంటే పరగోడులో ఉండాలి. అవ్వ అడ్డు చెప్పింది. మామ మాత్రం బండి కట్టించుకుని తనే కెంచార్లహళ్ళి వచ్చి, నా ట్రంకు పెట్టె బండిలో పెట్టించి తీసుకుపోయాడు. అలా నేను ఎవరికి కనపడకూడదో ఆ మనిషి ఇంట్లోనే ఉండవలసి వచ్చింది. సంగటి తినేటప్పుడు మామకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. మాట్లాడితే చెయ్యి అడ్డం, నవ్వితే చెయ్యి అడ్డం. ఏడుపు వచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆ చెయ్యి నేను చెప్పకుండానే లేవడం నేర్చుకుంది.

మామకు ఇదంతా నచ్చేది కాదు. "చెయ్యి తియ్యి పాపా. నీ పళ్ళు నన్నేమన్నా కరుస్తాయా" అనేవాడు. నేను అవ్వ వైపు చూసేదాన్ని. అవ్వ వక్కాకు నములుతూ నా చేతి వైపే చూస్తుండేది. నేను తీసేదాన్ని కాదు.

గుండె చూపించుకోవడానికి మామ నెలకోసారి బస్సులో చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి పోయేవాడు. అదే ఆసుపత్రికి బెంగళూరు నుంచి నెలకోసారి పళ్ళ డాక్టరు వచ్చేవాడని మామకు వరండాలో కూర్చుని కూర్చుని తెలిసింది. నేను మిడ్ల్ స్కూల్లో చివరి ఏడు చదువుతుండగా ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఊరు చూపిస్తాడేమో అనుకుని నేను పండక్కి కట్టుకునే పట్టు పావడా కట్టుకున్నాను. ఆ పావడాతోనే పోయి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరు కుర్రవాడు. ఈ పని కొత్తగా చదువుకుని వచ్చినట్టున్నాడు, నా నోరు చూసి ఆయన ముఖం వెలిగింది. నా పళ్ళను చూసి సంతోషపడిన మొదటి మనిషి ఆయనే. మామతో కన్నడంలో చాలాసేపు చెప్పాడు. పై వరుసలో అటొకటి ఇటొకటి పక్క పళ్ళు పీకి చోటు చేయాలి. మిగతా పళ్ళకు ఒక్కోదానికి ఉక్కు రేకు పట్టీ తొడిగి, పట్టీలన్నిటినీ కలుపుతూ తీగ కట్టాలి. ఆ తీగను నెలనెలా బిగిస్తుంటే పళ్ళు మెల్లగా వెనక్కి జరుగుతాయి. ఏడాది పైనే పడుతుంది. పళ్ళు జరుగుతాయనే మాటకే నాకు భయం వేసింది. మామ ఒక్క ప్రశ్న అడిగాడు. "నొప్పా?" ఉంటుందన్నాడు డాక్టరు. మామ నా వైపు తిరిగి, "ఓర్చుకుంటావా?" అన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపాను.

అవ్వను ఒప్పించడం అంతకన్నా కష్టం. మామ దానికి ఒక ఉపాయం పన్నాడు. "అమ్మా, ఆ పళ్ళను వెనక్కి తోస్తారంట. పళ్ళు వెనక్కి పోతే గండం కూడా వెనక్కి పోతాది కదా" అన్నాడు. అవ్వ నమలడం ఆపి, చివరికి సరేనంది. ఆమె నమ్మకాన్ని కాదనకుండా ఆమె నమ్మకంతోనే తలుపు తెరిచినందుకు మామ బస్సులో తెగ సంబరపడ్డాడు. ఆ మాటే తర్వాత తన మెడకు చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

పీకిన రెండు పళ్ళనూ దూదిలో చుట్టి తెచ్చాం. అవ్వ వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. గుడ్డలో కట్టుకుని, బాగేపల్లి దాకా నడిచిపోయి చిత్రావతి నీళ్ళలో వదిలి వచ్చింది. తిరిగి వచ్చి తలస్నానం చేసింది. ఆ సాయంత్రం ఆమె ముఖం ఎప్పటికన్నా తేటగా ఉంది.

తర్వాతి నెల పట్టీలు వేశారు. ఒక్కో రేకునూ పంటి చుట్టూ నొక్కి, సిమెంటు పెట్టి అతికించి, తీగ కట్టి బిగించారు. ఇంటికి చేరేసరికి పళ్ళన్నీ సలుపుతున్నాయి. నాలుక తగిలినా ప్రాణం పోతున్నట్టుంది. డాక్టరు రొట్టె పాలలో నానబెట్టి తినమన్నాడు. పరగోడులో రొట్టె యాడుంది? మామ నవ్వి, "సంగటి ఉండేది ఎందుకు? దాన్ని నమిలేదెవరు?" అన్నాడు. నిజమే. మావైపు రాగి సంగటిని నమిలితే పరాయి ఊరివాళ్ళనుకుంటారు. చిన్న ముద్ద చేసి, పులుసులో ముంచి, గొంతులోకి జార్చడమే. ఆ ఏడాదంతా నేను బతికింది సంగటి మీదే.

వద్దన్న వాటి జాబితా మాత్రం మా ఇంటి మీద పగబట్టి రాసినట్టుండేది. వేరుశెనక్కాయలు వద్దు. చెరుకు వద్దు. వేయించిన శెనగలు వద్దు. బెల్లం పాకం వద్దు. వేరుశెనగ పండించే ఇంట్లో, మూటలు గోడకు పేర్చిన పంచలో కూర్చుని నేను ఒక్క గింజ కొరకకూడదు. మామకూ డాక్టరు ఒకటి వద్దన్నాడు, అది ఉప్పు. అవ్వ ఆయనకు విడిగా చప్పటి పులుసు కాచేది. నన్నేమో ముద్ద తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్ళతో పుక్కిలించమన్నారు. నేను బచ్చలి దగ్గర, స్నానాల నీళ్ళు పోయే చోట, నిలబడి పుక్కిలిస్తుంటే మామ పంచలోంచి, "నా వంతు ఉప్పంతా నీకిచ్చినారు చూడు" అనేవాడు. నవ్వొస్తే ఉప్పు నీళ్ళు ముక్కులోకి పోయేవి.

అసలు గొడవ బ్రష్షుతో వచ్చింది. మేమందరం వేప పుల్లో కానుగ పుల్లో నమిలి, తోముకుని, చీల్చి పారేసేవాళ్ళం. ఆ పుల్ల పీచు తీగలో ఇరుక్కుంటుంది కాబట్టి వద్దని డాక్టరు చిన్న బ్రష్షు ఒకటి ఇచ్చాడు. దాంతో ఒక్కో పట్టీ పైనా కిందా తోమాలి. తోమకపోతే పట్టీ కింద పన్ను పుచ్చిపోతుంది. అవ్వకు తోమడం అభ్యంతరం కాదు. నిన్న నోట్లో పెట్టుకున్నది ఈరోజు మళ్ళీ పెట్టుకోవడం అభ్యంతరం. "ఎంగిలిది దాచుకునేదేమి? పుల్లయితే పారేస్తాం" అంది. బ్రష్షును ఇంట్లోకి రానివ్వలేదు. మామ గొడ్ల కొట్టం బయట గోడకు మేకు కొట్టి, దానికి దారంతో వేలాడదీశాడు. వానొచ్చినా ఎండొచ్చినా అది అక్కడే ఉండేది.

అంతటితో ఆగలేదు. బ్రష్షయితే గోడకు వేలాడదీయొచ్చు, నోట్లో ఉన్న తీగ సంగతేమిటి? దానికి మెతుకులు అంటుకుంటాయి. ఎన్నిసార్లు పుక్కిలించినా అవ్వ దృష్టిలో నా నోరు ఎంగిలి నోరే. ఊరగాయ జాడీ తాకకూడదు. దేవుడి గూటి దగ్గరికి పోకూడదు. మా అవ్వ చెడ్డ మనిషి కాదు. నా చెంపలో తీగ గుచ్చుకుని పుండు పడితే వెన్న రాసింది ఆమే. నేను సరిగ్గా తినడం లేదని చప్పుడు కాకుండా నా ముద్దలో నెయ్యి వేసిందీ ఆమే. ఆ రెండు చేతులే నన్ను దేవుడి గూటి దగ్గర్నుంచి పక్కకు జరిపేవి.

ప్రతి నెలా తీగ బిగించే రోజు, మామ గుండె చూపించుకునే రోజు ఒకటే. పొద్దున్నే బాగేపల్లిలో బస్సెక్కేవాళ్ళం. ఆ రోజుల్లో ఆ దారి దుమ్ము, గుంతలు. బస్సులో చోటు దొరికితే మామ నన్ను కూర్చోబెట్టి తను నిలబడేవాడు. పేరేసంద్ర దగ్గర బస్సు ఆగితే దిగి గాలి పీల్చుకునేవాడు. చిక్కబళ్ళాపురంలో నాకు తీగ బిగిస్తున్నంతసేపూ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, "అయిపాయ, ఇంకొకటే" అనేవాడు. ఇంకా చాలా ఉండేవి. సాయంత్రానికి ఇల్లు చేరేసరికి ఇద్దరం వడలిపోయి ఉండేవాళ్ళం. మర్నాడు నా పళ్ళు సలిపేవి, మామ మంచం దిగేవాడు కాదు. కాళ్ళు వాచేవి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మూడు నాలుగు రోజులకు ఇద్దరం తేరుకునేవాళ్ళం.

అవ్వ దీన్ని ఒక నెల చూసింది, రెండు నెలలు చూసింది. పళ్ళు వెనక్కి పోతే గండం వెనక్కి పోతుందని కొడుకే కదా చెప్పాడు. పళ్ళు వెనక్కి పోతున్నాయి, అది ఆమె కళ్ళకూ కనబడుతోంది. కొడుకు మాత్రం బిగించిన ప్రతిసారీ పడిపోతున్నాడు. అంటే పళ్ళు ఊరికే పోవడం లేదు, పోతూ పోతూ వాణ్ణి పట్టి లాగుతున్నాయి. ఇదీ ఆమెకు తట్టింది. నాతో అనలేదు. ముడుపు కట్టింది, ఉపవాసాలు చేసింది. తీగ బిగించిన మర్నాడు మామ దగ్గరికి నన్ను రానివ్వడం మానేసింది.

ఒకరోజు బచ్చలి దగ్గర నేను పుక్కిలిస్తుంటే అవ్వ వెనక వచ్చి నిలబడింది. "పాపా, ఆ కంబి తీసేయమని చెప్పమ్మా" అంది. ఎందుకవ్వా అన్నాను. "అది బిగిస్తాంటే వాడి పానం బిగిస్తాండారు. నువ్వు చూస్తాండావు కదా. నీకు పళ్ళు ఎట్లున్నా నేను పెండ్లి చేస్తా. నాకుండేది వాడొక్కడే." అని రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

నన్ను పెంచిన మనిషి నాకు దండం పెట్టింది. అంతకన్నా నన్ను భయపెట్టినది నా బతుకులో ఇంకొకటి లేదు. నేను ఆమె మాట పూర్తిగా నమ్మాను. ఎందుకు నమ్మను? నేనూ అదే ఇంట్లో ఉండి అవే చూస్తున్నాను. బిగించడం, పడిపోవడం, రెండూ నా కళ్ళ ముందే వెంటవెంట జరుగుతున్నాయి. మామ నా వల్ల చచ్చిపోతాడు. ఆ నెలంతా నాకు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత ఆసుపత్రికి పోయినప్పుడు కుర్చీలో కూర్చున్నాను గానీ నోరు తెరవలేదు. డాక్టరు బతిమాలాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్ళు బిగబట్టాను. మామ పీట దగ్గరికి జరుపుకుని, "ఏమి పాపా, నొప్పా?" అన్నాడు. కాదని తల ఊపాను. "మరి?" అన్నాడు. "తీగ తీసేయమను మామా. లేకపోతే నువ్వు చచ్చిపోతావు" అన్నాను. డాక్టరుకు తెలుగు తెలీదు, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. మామ ఏదో అనబోతుండగా వరండాలోంచి పెద్ద డాక్టరు లోపలికి తొంగిచూశాడు. మామ గుండె చూసేది ఆయనే. మామను చూసి అక్కడే నిలబడిపోయి, కన్నడంలో గట్టిగానే అడిగాడు. మళ్ళీ వచ్చావా? బస్సెక్కొద్దని ఎన్ని నెలలుగా చెబుతున్నాను? మాత్రలు బాగేపల్లిలోనే దొరుకుతాయని చెప్పానా లేదా? ప్రతిసారీ వచ్చి కాళ్ళు వాపు తెచ్చుకుని పోతున్నావు, నీకేం పని ఇక్కడ?

బడి చదువంతా కన్నడమే, ప్రతి మాటా నాకు అర్థమైంది. మామ ఇన్నాళ్ళూ బస్సెక్కింది గుండె కోసం కాదు, నా పళ్ళ కోసం. మామ తల వంచుకున్నాడు. పెద్ద డాక్టరు కుర్చీలో ఉన్న నన్ను, పళ్ళ డాక్టరు చేతిలోని పట్టకారును చూసి వెళ్ళిపోయాడు.

మామ నన్ను కుర్చీ దింపి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. నేను ఏడుస్తూ, "అవ్వ చెప్పింది నిజమే కదా మామా" అన్నాను. అప్పుడు మామ చెప్పిన మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు.

"నిజమే అనుకో. నీ పళ్ళ వల్లనే నాకు ఆయాసం అనుకో. అయితే ఏమి? నెలంతా ఆ పంచలో మంచం మీద పడుండేవాణ్ణి. ఎవురికీ ఒక పనికి రాను. ఈ పొద్దు ఒక్కటి బస్సెక్కి నీతో వస్తాండా. నేను చేసే పని ఇదొక్కటే ఉండాది. మేనమామకు గండం అంటే ఇదే అయితే, ఇది నాకు బాగుండాది పాపా."

ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఇప్పుడు నిలిపితే పళ్ళు మళ్ళా ఉన్నచోటికే పోతాయంట. నేను ఇన్ని తూర్లు పడిన ఆయాసం వట్టిదైపోతాది. అది కావాల్నా నీకు?"

వద్దన్నాను. అయితే ఒక మాట ఇవ్వమన్నాను. ఇంకెప్పుడూ నాతో బస్సెక్కకూడదు. మామ చాలాసేపు ఎదురుగా కనిపించే నంది కొండల వైపు చూశాడు. ఆ మాట ఇవ్వడం ఆయనకు బస్సెక్కడం కన్నా కష్టమైందని ఇప్పుడు తెలుస్తుంది. చివరికి సరేనన్నాడు. నేను లోపలికి పోయి నోరు తెరిచాను.

ఎట్లాగూ ఆ ఎండాకాలానికి నా మిడ్ల్ స్కూలు అయిపోయింది, హైస్కూలుకు చింతామణిలో చేరాను. పరగోడు వదిలి వస్తుంటే మామ గొడ్ల కొట్టం గోడ మేకు నుంచి బ్రష్షు తీసి, గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టాడు. చింతామణి నుంచి అమ్మతో చిన్న రైల్లో చిక్కబళ్ళాపురం పోయేదాన్ని. అమ్మ కిటికీ పక్కన కునికేది. నేను తీగ బిగించుకుని వచ్చిన ప్రతిసారీ, మర్నాడు పరగోడులో మామ ఎట్లున్నాడో అని మనసంతా అక్కడే ఉండేది. వచ్చిపోయేవాళ్ళు బాగున్నాడనే చెప్పేవాళ్ళు. కాళ్ళు వాచలేదంట, పంచలో కూర్చుని పేపరు చదువుతున్నాడంట.

మామ కోసం చేయగలిగింది నాకు ఒక్కటే కనిపించింది, పళ్ళు చూసుకోవడం. ముద్ద తిన్న ప్రతిసారీ తోమాను, ఒక్కో పట్టీ పైనా కిందా. పెళ్ళిళ్ళలో పాకం ఉండలు పంచుతుంటే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. చెరుకు గానుగ దగ్గర పిల్లలంతా గడలు నములుతుంటే ఇంటికి వచ్చేశాను. మొండిదని, టెక్కుదని అన్నారు. అననీ. ఒక్క పట్టీ ఊడలేదు, ఒక్క పన్ను పుచ్చలేదు. డాక్టరు నన్ను మిగతావాళ్ళకు చూపించి మెచ్చుకునేవాడు. నేను ఎవరికోసం తోముతున్నానో ఆయనకు తెలీదు.

మరుసటి ఏడు ఒక పూట పట్టీలన్నీ ఊడదీశారు. నాలుకతో తడిమితే నునుపుగా, ఎవరి నోరో అన్నట్టుంది. పళ్ళు మళ్ళీ ముందుకు రాకుండా పెట్టుకోవడానికి ఎర్రటి పలక ఒకటి ఇచ్చారు, దానికి ముందర సన్నటి తీగ. అద్దం చేతికిచ్చారు. నేను చూసుకోలేదు. ముందు మామ చూడాలనిపించింది. అమ్మ చేయి పట్టి, రైలు స్టేషను వైపు కాకుండా బస్సు వైపు లాగాను. అమ్మ వెంట వచ్చింది.

పరగోడు చేరేసరికి మామ పంచలో మంచం మీద, వీపుకు మూట ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చిపోయేవాళ్ళు చెప్పినంత బాగా లేడు. చెంపలు లోపలికి పోయాయి, మెడ పక్కన నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. బస్సు మాన్పించి నేను ఆయన్ని బతికించుకున్నానని అనుకుంటూ వచ్చాను. నేను బతికించలేదు, కొంచెం కాలం అడిగి తీసుకున్నానంతే.

అవ్వ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. నా చెయ్యి అలవాటుగా నోటి దగ్గరికి లేచింది. మామ అవ్వ వైపు తిరిగి, "నూనె తెస్తావా అమ్మా, నేరుగానే చూసేదా?" అన్నాడు. అవ్వ నమలడం ఆపింది. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

నేను చెయ్యి దించి నోరు తెరిచాను. మామ నన్ను వెలుతురు వైపు తిప్పి, మార్కెట్లో గింజల నాణ్యం చూసినట్టు శ్రద్ధగా చూశాడు. "బాగుండాయి. కింద ఒకటి కొంచెం వంకరగా ఉండాది. ఉండనీలే, అన్నీ సక్కగా ఉంటే నిన్ను గుర్తుపట్టేదెట్ల" అన్నాడు. ఆ పలకను కూడా అడిగి చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "దీన్ని మరిచిపోవద్దు. పళ్ళకు బుద్ధి ఉండదు, వెనక్కి పోతాయి" అన్నాడు. ఆయన ముందు నేను పళ్ళు కనిపించేలా నవ్వింది ఆ ఒక్కసారే.

వేరుశెనగ పీకకముందే మామ పోయాడు. కబురు అంది మేము పరగోడు చేరేసరికి పొద్దెక్కింది. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను గుంపులోంచి లోపలికి పోతుంటే ఏడుపులు కాస్త తగ్గాయి. చూపులు నా ముఖం మీదికి, ముఖం మీద నుంచి నోటి మీదికి వచ్చాయి. వెనక నుంచి ఎవరో మెల్లగా, "ఈ పిల్లకే కదా పై పళ్ళు ముందు వచ్చింది" అన్నారు. ఇంకెవరో "ఊ" అన్నారు.

నేను మామ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు గొంతులోంచి పైకి వచ్చింది, దాంతో పాటే చెయ్యి కూడా లేచి నోటికి అడ్డం పడింది. ఆ ఇంట్లో నేను ఎప్పుడు ఏడ్చినా అట్లాగే ఏడ్చాను. నా అరచేతిలోనే నా ఊపిరి తిరిగి నాకు తగులుతోంది.

తల దగ్గర కూర్చున్న అవ్వ నన్ను చూసింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. కొడుకు తల మీద ఉన్న చెయ్యి తీసి, ముందుకు వంగి, నా మణికట్టు పట్టుకుంది. నన్ను అక్కణ్ణుంచి లేపేస్తుందనుకున్నాను. ఆమె నా చేతిని నోటి మీద నుంచి లాగి కిందికి దించింది. మళ్ళీ లేవకుండా పట్టుకునే ఉంది.

"ముయ్యొద్దు పాపా" అంది, అందరికీ వినబడేలా. "కనపడనీ. నా కొడుకు తిరిగి తిరిగి కుదిర్చిపోయిన పళ్ళు అవి."

నేను నోరంతా తెరిచి ఏడ్చాను.